ఆహ్వానం అందరికీ అంటే మనకు కూడానా?

మొన్న సంక్రాంతికి అమెరికా నుంచి గుంటూరు వచ్చినప్పుడు, అరండల్‌పేటలో మా ఇంటి మేడ మీద అద్దెకుంటున్న వారి అమ్మాయి ఒక సందేహం అడిగింది. ఆమె వచ్చే నెల హెచ్‌-4 వీసా (అక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్యకో భర్తకో పిల్లలకో ఇచ్చేది) మీద కాలిఫోర్నియాలోని డేవిస్‌కు, భర్త దగ్గరికి వెళుతోంది. మిరప రైతు అయిన తండ్రిగారు ఏప్రిల్‌లో విజిటర్ వీసా మీద వెళతారు. అక్కడి విశ్వవిద్యాలయం ఏటా ఏప్రిల్‌లో ఒక శనివారం ఊరందరినీ పిలిచి, ప్రదర్శనలు, ప్రసంగాలు, ఊరేగింపుతో ‘పిక్నిక్ డే’ జరుపుతుంది. “మేము విద్యార్థులం కాము కదా అంకుల్, రానిస్తారా?” అన్నది ఆమె ప్రశ్న.

నిస్సంకోచంగా వెళ్లవచ్చు. టిక్కెట్టు లేదు, గుర్తింపు కార్డు అడగరు. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ “ఎవరు కావాలి?” అని ఆపడానికి అలవాటుపడ్డ ప్రాణం కనుక, ఆ పండుగకు వెళ్లిన మొదటి ఏడాది నేను ఒక హాలు గుమ్మం ముందు పావుగంట తచ్చాడి, లోపలికి అడుగు పెట్టకుండానే ఇంటికి వచ్చేశాను.

తండ్రిగారికి ఈ సంగతి నాకంటే తొందరగా అర్థమైంది. లాం 334 మిరపను ఏళ్ల తరబడి వేసి, గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రమైన లాం ఫారానికి వెళ్లి శాస్త్రవేత్తలను నిలదీసి అడిగిన మనిషి ఆయన. డేవిస్ విశ్వవిద్యాలయం కూడా మొదట వ్యవసాయ క్షేత్రమే. 1909లో కొత్తగా కట్టిన పాడి కొట్టాన్ని చూడటానికి రమ్మని పిలిస్తే, సుమారు 2,000 మంది ఎవరి భోజనం వారు కట్టుకుని వచ్చారు. ఈ పండుగకు మొదలు అదే. కాబట్టి పులిహోర కట్టుకెళ్లి పచ్చిక మీద కూర్చుని తినడానికి మొహమాటపడనక్కరలేదు.

అమెరికా వారి మాట యాస అలవాటు కానివారు మొదట ప్రసంగాలకు కాక, విభాగాల వారు పెట్టే ప్రదర్శనలకు వెళ్లడం మేలని నా అభిప్రాయం. అక్కడ ఒక్కరితో ఒక్కరు మాట్లాడతారు, అర్థం కాకపోతే మళ్లీ చెప్పించుకోవచ్చు. పశువిజ్ఞాన విభాగం వారి దగ్గర, డొక్కలో రబ్బరు మూత అమర్చిన ఆవు ఉంటుంది. భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఆ మూతలోంచి చేయి లోపలికి పెట్టనిస్తారు. లోపల వెచ్చగా, సగం అరిగిన మేత వేళ్లకు తగులుతుంది. ఆవు మాత్రం తన మేత తాను మేస్తూనే ఉంటుంది. అరుగుదల ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికే ఆ ఏర్పాటు అని చెప్పినా, గోమాతకు ఈ అవస్థ ఏమిటని మా అమ్మ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం బ్రాడీపేటలోని మా పిన్నికి ఫోన్ చేసి, ఆ ముచ్చటే అరగంట చెప్పింది.

రసాయనశాస్త్ర ప్రదర్శనకు రద్దీ ఎక్కువ, ముందుగా వెళ్లాలి. ఆ రోజు కారు నిలపడానికి చోటు దొరకడం కష్టం. సైకిలో, విద్యార్థులే నడిపే ఎర్రటి డబుల్ డెక్కర్ బస్సో నయం. సాయంత్రానికి ఊళ్లో కుర్రకారు తాగుడు కాస్త శ్రుతి మించుతుంది కనుక, పెద్దలతో వెళ్లినవారు మధ్యాహ్నానికే తిరిగి రావడం మంచిది.

వీసా విషయంలో ఒక జాగ్రత్త అవసరం. చూడటానికీ వినడానికీ అడ్డు లేదు. కానీ తినుబండారాల దుకాణంలో మిర్చి బజ్జీలు వేసిపెడితే గంటకు ఇంత ఇస్తామని ఎవరైనా అంటే, పని అనుమతి పత్రం లేని హెచ్‌-4 వారు గాని, విజిటర్ వీసా మీద వచ్చినవారు గాని ఒప్పుకోకూడదు. చేతికి నగదు ఇచ్చినా అది ఉద్యోగం కిందికే వస్తుంది.

తండ్రిగారు నల్ల తామర పురుగు గురించి అక్కడి కీటకశాస్త్రం వారిని అడుగుతారట. ప్రశ్నను ముందే తెలుగులో రాసిపెట్టుకుంటే అమ్మాయి ఇంగ్లీషులో అడుగుతుంది. చూపించడానికి పురుగు పట్టిన ఆకులు, నాలుగు గింజలు పొట్లం కట్టి తీసుకెళతానన్నారు, నేను వద్దన్నాను. అనుమతి లేకుండా అటువంటివి తెస్తే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు, చెప్పకుండా దాస్తే జరిమానా కూడా పడుతుంది. పొలానికి వెళ్లి, ఆకు అడుగువైపు కూడా కనిపించేలా దగ్గరగా ఫోటోలు తీసుకోమన్నాను.