ఆర్కిటిక్‌లో ఉన్నా ముర్మాన్స్క్ రేవు ఎందుకు గడ్డకట్టదు? అక్కడి జనం ఎలా నెగ్గుకొస్తారు?

రష్యాలోని ముర్మాన్స్క్ దాదాపు 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అయినా రేవు గడ్డకట్టకపోవడానికి కారణం వెచ్చటి సముద్ర ప్రవాహం. అట్లాంటిక్ నుంచి నార్వే తీరం వెంట వచ్చే ఆ నీరు బారెంట్స్ సముద్రం దాకా చేరుతుంది. అందుకే ఈ రేవు ఉన్న కోలా అఖాతంలో ఏడాది పొడవునా ఓడలు తిరుగుతాయి. ఎంతో దక్షిణాన ఉన్న సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర మాత్రం చలికాలంలో సముద్రం గడ్డకడుతుంది, విచిత్రం కదా! మొదటి ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల సరుకు దించుకోవడానికి 1916లో ఇక్కడ ఊరు కట్టిందీ ఇందుకే.

జనం సంగతికొస్తే, చలికన్నా చీకటే కష్టమని నాకనిపిస్తుంది. డిసెంబర్ మొదట్లో అస్తమించిన సూర్యుడు మళ్లీ కనపడేది సుమారు 40 రోజుల తర్వాతే. అయినా సెమ్యోనోవ్‌స్కోయె సరస్సు మీది మంచుకు కన్నం కొట్టి మునకలేసేవాళ్లున్నారు. వాళ్లకు 'వాల్రస్‌లు' అని ముద్దుపేరు, మంచు సముద్రాల్లో బతికే కోరల జంతువు పేరది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ బాంబులకు ఊరు చాలావరకు నేలమట్టమైంది. 1985లో 'వీర నగరం' బిరుదు దక్కింది. అలాగని అందరూ అక్కడే ఉండిపోలేదు. సోవియట్ రోజుల్లో ఉత్తరాదిలో పనిచేస్తే జీతం ఎక్కువ వచ్చేది. సోవియట్ యూనియన్ కూలాక జనం ఊరు విడిచి వెళ్లడం మొదలై, 1989లో 4.68 లక్షలున్న జనాభా 2021 నాటికి 2.7 లక్షలకు తగ్గింది.