తాటిచెట్టు ఎక్కే అల్లుడికి: మోకు, బెల్టు, కొక్కెం గురించి

చిరంజీవి అల్లుడికి మునుగోడు నుంచి మేనమామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కల్లు గీతకు ఇచ్చే టి.ఎఫ్.టి. (ట్రీ ఫర్ ట్యాపర్స్) లైసెన్సు చేతికి వచ్చిందనీ, శిక్షణ పూర్తయి కాటమయ్య రక్షణ కవచం అనే సర్కారు కిట్టు, అంటే చెట్టు మీంచి పడకుండా ఆపే బెల్టు, తాళ్ళు, కొక్కేలు కూడా ఇచ్చారనీ చదివి సంతోషించాను. అయితే ఆ బెల్టు తొడల దగ్గర ఒరుసుకొని మంట పెడుతున్నదనీ, నాలుగు చెట్లు ఎక్కేసరికి విప్పి పారేయాలనిపిస్తున్నదనీ, అందుకే అమెరికాలో జింకల వేటగాళ్ళు చెట్టు మీద కూర్చోవడానికి వాడే ట్రీ శాడిల్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించుకుందామా అనీ అడిగావు. ఇప్పుడే దానికి డబ్బు పెట్టవద్దన్నది నా సలహా. అట్లాగని మంటను ఓర్చుకొమ్మని కూడా నేను చెప్పను. గీత పని చేసేవాడికి ఒళ్ళు మొద్దుబారిపోవాలని కొందరు పెద్దలు చెప్పే మాటను నేను ఏనాడూ ఒప్పుకోలేదు. కాడి ఒరుసుకున్న ఎద్దు నాగటి చాలును తిన్నగా దున్నదు. నడుము కోసుకుపోతున్న మనిషి కూడా గెల దగ్గర నిదానంగా పని చేయలేడు, తొందరపడతాడు, తొందరలో ఒక కొక్కెం వేయడం మానేస్తాడు. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఈ కిట్ల పంపిణీని ప్రారంభించిన తర్వాత మన వైపు కూడా చాలామందికి అవి అందాయి గాని, కొందరి ఇళ్ళలో అవి గోడకున్న మేకుకే వేలాడుతున్నాయి. వాళ్ళను అడిగితే ఆలస్యమవుతుందని చెబుతారు. కాస్త కూర్చోబెట్టి మాట్లాడిస్తే, ఒంటికి సరిపడలేదన్న అసలు సంగతి బయటపడుతుంది. కాబట్టి సుఖాన్నీ రక్షణనూ వేరు వేరు విషయాలుగా చూడకుండా ఈ ఉత్తరం చదువు.

ముందు మోకు సంగతి. మోకు అనే ఎక్కే తాడు చెట్టు చుట్టూ తిరిగి నీ నడుము వెనుక నుంచి వస్తుంది. నీవు వెనక్కి వాలి పాదాలతో చెట్టును తన్నిపట్టినంత సేపే అది చెట్టును కరచుకొని ఉంటుంది. నీ బరువు దాన్ని బయటికి లాగుతున్నది కనుకనే అది నిలుస్తున్నది. కాలు జారిందంటే ఒళ్ళు చెట్టు వైపు పడుతుంది, మోకు వదులవుతుంది, వదులైన మోకు నీతో పాటే కిందికి జారుతుంది. చెట్టుకు చేరువగా ఎదను ఆనించి ఎక్కడం భయంలో సహజంగా వచ్చే పని, కాని మోకు విషయంలో అదే ప్రమాదకరమైన పని. వానకు తడిసిన మాను మీద ఈ జారుడు ఇంకా వేగంగా ఉంటుంది. ఇది మోకులోని లోపం కాదు, దాని పద్ధతే అంత; ఎక్కడానికీ దిగడానికీ పుట్టిన వస్తువును పడకుండా ఆపే వస్తువుగా నమ్మడమే పొరపాటు.

పడకుండా ఆపవలసిన తాడు వేరే రకంగా పనిచేయాలి. అది మానును ఉచ్చులాగా చుట్టి, బరువు పడిన కొద్దీ బిగుసుకోవాలి. నీకు శిక్షణలో నేర్పిన పద్ధతిని ఒక్క మెట్టు కూడా దాటవేయకుండా పాటించు, దానితో పాటు ఈ రెండు సంగతులు మనసులో పెట్టుకో. ఆ తాడు ఎప్పుడూ నీ ఛాతీకి పైనే, వీలైతే తల ఎత్తున ఉండాలి, నీకూ దానికీ మధ్య తాడు వేలాడకుండా బిగువుగా ఉండాలి. నడుము కిందికి దిగిన తాడు నీవు జారినప్పుడు ముందుగా నిన్ను దాని కిందికి పడనిచ్చి, ఆ తర్వాత ఒక్కసారిగా ఆపుతుంది. ఆ కుదుపే నడుమును విరుస్తుంది. రెండవది, ఏదైనా అడ్డం దాటడానికి ఒక తాడు విప్పవలసి వస్తే, రెండవ తాడు వేసి, దాని మీద బరువు మోపి చూసుకున్న తర్వాతే మొదటిది విప్పాలి. ఒక్క క్షణమే కదా అని అనిపించే చోటనే మనవాళ్ళు ఎక్కువగా పడతారు.

ఆ అడ్డం మన చెట్టులో ఎక్కడ వస్తుందో నీకు తెలుసు. మాను అయిపోయి మట్టలు మొదలయ్యే చోట మోకు ఇక పైకి పోదు, నీవేమో గెలను అందుకోవడానికి మట్టల మధ్యకు వెళ్ళాలి. ఈ చోట తొందరపడి ఎండిన మట్టకు తాడు చుట్టేవాళ్ళను చూశాను. ఎండిన మట్ట మొదలు పైకి గట్టిగానే కనిపిస్తుంది గాని లోపల పట్టు వదిలి ఉంటుంది. నీ రక్షణ తాడును మట్టల కింద మానుకే చుట్టు. మట్టను చేత్తో పట్టుకోవచ్చు, ప్రాణం మాత్రం దానికి అప్పగించకూడదు. పైగా తాటిమట్ట అంచున రంపపు పళ్ళలాంటి కరుకులు ఉంటాయి. బిగువుగా ఉన్న తాడు వాటి మీద అటూ ఇటూ రాసుకుంటే పైపొర కొద్ది రోజులలోనే నూలు నూలుగా లేస్తుంది. తాడు వెళ్ళే దారిలోని కరుకులను కత్తితో చెక్కి నున్నగా చేసుకో, లేదా ఆ భాగం తాడుకు పాత ఫైరు పైపు గుడ్డను గొట్టంలాగా తొడుగు.

ఇప్పుడు నీవు అడిగిన శాడిల్ సంగతి. మన ఊరి అబ్బాయి ఒకడు డాలస్ నుంచి వచ్చినప్పుడు తెచ్చి చూపించాడు కనుక చేత్తో పట్టి చూసే మాట్లాడుతున్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరమే కాబట్టి ఆ వేటతో మనకు పని లేదు, సామాను వరకే చూద్దాం. పిరుదుల కింద పట్టే వెడల్పాటి గుడ్డ, రెండు పక్కల ఉంగరాల వంటి కుట్లు, ఆ రెండింటినీ కలుపుతూ బొడ్డు ముందర ఒక చిన్న తాడు, దాన్ని చెట్టుకు కట్టిన తాడుకు తగిలించే కొక్కెం, ఎక్కేటప్పుడు వాడే మన మోకు వంటి మరొక తాడు, ఇవీ అందులోని ముఖ్యమైన వస్తువులు. వేటగాడు అందులో గంటల తరబడి కదలకుండా కూర్చుంటాడు, అందుకే అది వెడల్పుగా మెత్తగా ఉంటుంది. నీవు ఒక్కొక్క చెట్టు మీద కొద్ది నిమిషాలే ఉండి, దిగి, మరొక చెట్టుకు పోతావు. అంత గుడ్డ నడకలో అడ్డం పడుతుంది, గీత సామాను పెట్టుకొని నడుముకు కట్టుకొనే ముస్తాదుకూ, కత్తులకూ చోటు మిగలనీయదు. అంతకంటే పెద్ద సంగతి, శాడిల్ అన్నది తాడు బిగువుగా ఉండగా కూర్చోవడానికి చేసినదే గాని, వదులు తాడు మీద పడిన మనిషిని ఆపడానికి చేసినది కాదు. తొడల పట్టీలు లేకుండా వాడితే అది పైకి జరిగిపోవచ్చు, మనిషి తలకిందులు కావచ్చు. అయినా ఆ వేటగాళ్ళ దగ్గర నేర్చుకోవలసిన తెలివి ఒకటి ఉంది: నొప్పి పుట్టిన చోట పట్టీని ఇంకా బిగించరు, బరువు పడే చోటును మారుస్తారు. చెట్టుకు కట్టిన తాడును జానెడు పైకో కిందికో జరిపినా తుంటి మీద పడే ఒత్తిడి తొడల మీదికి మారుతుంది. వాళ్ళు మోకాళ్ళకు మెత్తలు కూడా కట్టుకుంటారు. ఈ ఒక్కటి మాత్రం రేపే కొను. నల్లగొండలో టైల్స్ వేసే మేస్త్రీల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి, తాటిమాను గరుకుకు మోకాళ్ళూ పిక్కలూ కాయలు కాయకుండా కాపాడతాయి.

నీ బెల్టు ఒరుసుకోవడానికి బహుశా బెల్టు కారణం కాదు, లుంగీ కారణం. లుంగీ మడతల మీద తొడపట్టీ బిగిస్తే ఆ మడతే చర్మాన్ని కోస్తుంది. మోకాళ్ళ వరకు వచ్చే, లోపలి తొడ మీద లావుపాటి కుట్టు లేని నూలు నిక్కరు వేసుకో. నడుము పట్టీ తుంటి ఎముకలకు పైన కూర్చోవాలి. ఎముకల మీదికి గాని కిందికి గాని జారితే, కిందు మీదైనప్పుడు నీవు బెల్టులోంచి జారిపోయే ప్రమాదం ఉంది. తొడపట్టీకీ తొడకూ మధ్య అరచేయి చదునుగా దూరాలి, పిడికిలి దూరకూడదు. చాలామంది నేల మీద నిలబడి బిగించుకొని సరిపోయిందనుకుంటారు, కాని బెల్టు అసలు కొలత వేలాడినప్పుడే తెలుస్తుంది. పాదాలు నేలకు జానెడు ఎత్తులో ఉండేటట్టు ఒక గట్టి కొమ్మకు వేలాడి, కాసేపు ఆగి, ఎక్కడ తిమ్మిరి వస్తున్నదో చూసుకొని పట్టీలు సరిచేసుకో. మెత్తదనం కావాలంటే గుడ్డ మెత్తను పట్టీకి చుట్టి విడిగా కట్టుకో. సూది తీసుకొని పట్టీలోంచి మాత్రం కుట్టవద్దు, సిగరెట్టు నిప్పుతో అంచులు అంటించవద్దు. బరువు మోసే కుట్లకు ఎక్కడ సూది తగిలినా బలం పోయినట్టే. చెమట ఉప్పు పేరుకున్న పట్టీ గరుకెక్కి ఇంకా ఒరుసుకుంటుంది, కాబట్టి వారానికొకసారి మంచినీళ్ళలో జాడించి నీడన ఆరవేయి.

కొక్కేల విషయంలో బేరం ఆడవద్దు. కారబీనర్ అనే ఈ మూత కొక్కెం మీద బలం అంకెలు చెక్కి ఉంటాయి, పొడవు దిశలో అది 20 కిలోన్యూటన్లకు, అంటే సుమారు రెండు టన్నుల బరువుకు, తగ్గకూడదు. అదే కొక్కెం అడ్డంగా తిరిగి బరువు మోసినా, మూత తెరుచుకొని ఉండగా మోసినా, దాని బలం మూడో వంతుకు పడిపోతుంది. అందుకే ప్రతిసారీ మూత తాళం తిప్పి, ఒకసారి వేలితో నొక్కి చూసి, అది తాడులో నిలువుగా కూర్చున్నదో లేదో చూసుకో. సంచులకూ తాళాల గుత్తులకూ వేసే రంగురంగుల కొక్కేలు చూడటానికి ఇట్లాగే ఉంటాయి. వాటికి కల్లు లొట్టి తగిలించు, నీవు తగులుకోవద్దు.

వేటగాడికి లేని ఒక అపాయం మనకు ఉన్నది, అది గీత కత్తి. వెంట్రుకను కోసేంత పదునున్న కత్తి బిగువుగా ఉన్న తాడుకు ఊరికే తగిలినా చాలు. వదులు తాడును కోయడానికి బలం కావాలి, బిగువు తాడుకు అక్కర్లేదు. కత్తుల ఒరను తాడు వచ్చే వైపుకు కాక వెనక్కి, నీవు పని చేసే చేతి పక్కకు కట్టుకో. చెక్కుడు అయిన ప్రతిసారీ కత్తి ఒరలో పెట్టిన తర్వాతే కదులు. సున్నం డబ్బానూ, ట్రాక్టరు బ్యాటరీనీ ఈ సామానుకు దూరంగా ఉంచు, బ్యాటరీ ఆవిరి తగిలినా నైలాను పట్టీ పైకి కనిపించకుండానే చచ్చుబడుతుంది. ఎండ కూడా అంతే. పని అయ్యాక బెల్టును చెట్టుకే వదిలి రావడం మనవాళ్ళకు అలవాటు; ఇంటికి తెచ్చి సంచిలో పెట్టు. ఒక్కసారి నిజంగా పడినప్పుడు నిన్ను ఆపిన బెల్టు, తాడు మళ్ళీ వాడకు పనికిరావు, పైకి ఎంత కొత్తగా కనిపించినా సరే.

బెల్టు ఆపిందంటే పని అయిపోయినట్టు కాదు. కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి, కొద్ది నిమిషాల నుంచి అరగంట లోపు స్పృహ తప్పవచ్చు. వేలాడుతున్నంతసేపు కాళ్ళు కదుపుతూ ఉండాలి, మాను మీదో, తాడుతో వేసుకున్న ఉచ్చు మీదో పాదం మోపి నిలబడటానికి ప్రయత్నించాలి. అందుకొక తాడు ముక్క ముస్తాదులో ఎప్పుడూ ఉండనీ. ఫోను లుంగీ మడతలో కాదు, మెడకు కట్టిన సంచిలో, చేతికి అందేటట్టు ఉండాలి. పొద్దున గీతకైనా మాపటి గీతకైనా ఏ వనానికి పోతున్నావో ఇంట్లో చెప్పి పో, కేక వినిపించే దూరంలో మరొక గీత కార్మికుడు ఉండేటట్టు చూసుకో, అతనికి కూడా నిన్ను దించడం వచ్చి ఉండాలి. 108కు ఫోను చేస్తే అంబులెన్సు చెట్టు కిందికి వస్తుంది గాని చెట్టు మీదికి రాదు.

ఎక్కకూడని చెట్లు, ఎక్కకూడని రోజులు నీకు నేను చెప్పనక్కరలేదు: కరెంటు తీగ దగ్గరున్నది, తలకాయ ఎండినది, పెద్ద తేనెపట్టు ఉన్నది వదిలేయి, ఉరుములప్పుడు వనంలోనే ఉండవద్దు.

శాడిల్‌కు పెట్టాలనుకున్న డబ్బులో కొంత మోకాలి మెత్తలకూ, నికరమైన కొక్కేలు రెండింటికీ పోనీ, మిగిలినది మీ అమ్మ, నా చెల్లెలి చేతికి ఇవ్వు. వచ్చే ఆదివారం నిక్కరు వేసుకొని, బెల్టు తీసుకొని మునుగోడు రా. ఈసారికి మాత్రం దాన్ని ఉతకకుండా అట్లాగే తీసుకురా, చెమట మరకలు ఎక్కడ ముదిరి ఉన్నాయో చూస్తే ఏ పట్టీని ఎంత జరపాలో మనకు తెలుస్తుంది. మా పెరటి వేపచెట్టు కొమ్మకు వేలాడి చూసి సరిచేద్దాం.

ఇట్లు,
నీ మేనమామ