ఫ్రీలాన్సింగ్ వద్దు, ఛారిటీని పట్టుకో

తమ్ముడూ, లీడ్స్‌లో డిజిటల్ మార్కెటింగ్ చదువుతూ, అనుభవం కోసం హైదరాబాద్ క్లయింట్లకు ఫ్రీలాన్స్ చేయొచ్చా అన్నావు. వద్దు. యూకే స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు, క్లయింటు ఎక్కడున్నా సరే.

నేనైతే ఇక్కడ చదివేటప్పుడు పాత ఫర్నిచర్ తీసుకెళ్లే ఓ చిన్న ఛారిటీకి (సేవాసంస్థకి) గూగుల్ యాడ్స్ చూసిపెట్టాను. గూగుల్ యాడ్ గ్రాంట్స్ కింద అర్హత ఉన్న ఛారిటీలకు నెలకు 10,000 డాలర్ల దాకా సెర్చ్ యాడ్స్ (గూగుల్‌లో వెతికినప్పుడు కనిపించే ప్రకటనలు) ఉచితం. వాడటం తెలిసినవాళ్లే దొరకరు! క్లిక్ రేటు, అంటే యాడ్ కనిపించిన ప్రతి వందసార్లలో క్లిక్ పడేవి, కనీసం 5 శాతం నిలబెట్టాలి; ఒంటి పదం కీవర్డ్‌లు (ఏం వెతికితే యాడ్ రావాలో మనం ఎంచుకునే మాటలు) సాధారణంగా ఒప్పుకోరు. అందుకే ‘ఫర్నిచర్’ బదులు ‘పాత సోఫా ఇంటికొచ్చి తీసుకెళ్లేవాళ్లు’ లాంటివి వెతుక్కున్నాను. ఛారిటీకి ఫోన్లు మొదలయ్యాయి. తర్వాత ఇంటర్వ్యూల్లో మార్కుల ఊసే లేదు, ఆ ఖాతా గురించే ప్రశ్నలన్నీ.

జీతం లేని పని కూడా, స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో ఉండే వారానికి 20 గంటల పని పరిమితి లెక్కలోకి రావచ్చు. ముందు యూనివర్సిటీ వీసా సలహాదారుని అడిగి మొదలుపెట్టు.