ట్రాఫిక్ డ్యూటీకి వెళ్తున్న మేనకోడలికి

చి. హిమజకు మామ ఆశీస్సులు.

నీకు తిరుపతి ట్రాఫిక్‌లో ఎస్సై పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల ఆ కూడలిలో నిలబడుతుందంటే గర్వంగా ఉంది పాపా. టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

డ్రిల్లు, రికార్డులు ట్రైనింగులో నేర్పే ఉంటారు. నేను చెప్పేది ఎవరిని ముందు ఆపాలన్నదే.

సైకిలు చెయ్యి అడ్డం పెడితే ఆగిపోతుంది, తొక్కేవాడు ఎదురు మాట్లాడడు. రేణిగుంట రోడ్డులో దూసుకొచ్చే టిప్పర్ అలా ఆగదు. అందుకే సులువైన కేసుల మీదికే చెయ్యి పోతుంది.

నేను కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు మా ఆఫీసరొకాయన కేసుల లెక్క కోసం తెల్లవారుజామున సైకిళ్లు పట్టించేవాడు. డైనమో లేదనో, డబుల్స్ అనో ఆపేవాళ్లు. ఫైన్ కట్టలేకపోతే టైర్లలో గాలి తీసేయడం అప్పట్లో మామూలే. దొరికేది పాలవాళ్లు, పూలవాళ్లు. ఒకరోజు పూలబుట్టతో వస్తున్న పెద్దాయన సైకిలుకు రెండు టైర్లూ గాలి తీసి పంపారు. పంక్చర్ షాపు తెరిచే వేళ కాదు. లైటు లేదని ఆపిన మనిషిని లైటు లేకుండానే, అదే చీకట్లోకి, సైకిలు తోసుకుంటూ పొమ్మన్నారు. కాస్త దూరంలోనే లారీ కొట్టింది. కాలు తీసేశారు. ఆ లారీ మా స్టేషన్ వాళ్ల ముందు నుంచే వేగంగా పోయింది. ఆపడానికి ఒక్కరూ రోడ్డు వైపు లేరు, అందరూ సైకిళ్ల చుట్టూనే ఉన్నారు. ఆ ముసలాయన భార్య ఆసుపత్రి వరండాలో ‘గాలి ఎందుకు తీశారయ్యా’ అని అడిగితే, జవాబు చెప్పే మనిషి లేడు.

సైకిలువాడు తప్పే చెయ్యడనను. రాంగ్ రూటులో వస్తే గట్టిగా చెప్పు. వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్ అంటించి పంపు. కానీ అతని తప్పుకు ఎక్కువగా బలయ్యేది అతనే. టిప్పర్ తప్పుకు ఇతరులు పోతారు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. ముందు వేగం చూడు, తర్వాత తాగి నడిపేవాళ్లను పట్టుకో, ఆ తర్వాత హైవే పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీలు. తమిళుల పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు, అక్టోబరు రోజుల్లో, పుత్తూరు వైపు నుంచి తమిళ భక్తులు రాత్రిళ్లు గుంపులుగా నడిచొస్తారు, అప్పుడు మరీ జాగ్రత్త. హెల్మెట్ లేనివాడికి ఫోటో తీసి చలానా వెయ్యి, వెంటపడొద్దు. పడితే పగిలేది వాడి తలే. పైవాళ్లు లెక్క అడిగితే, యాక్సిడెంట్లు ఎక్కడ, ఏ వేళకు అవుతున్నాయో పాత ఎఫ్‌ఐఆర్‌లు తీసి చూపించు.

గాయపడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చిన మనిషిని స్టేషన్ చుట్టూ తిప్పించకు. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో వచ్చిన 134ఎ సెక్షన్ వాళ్ల రక్షణకే.

ఇప్పుడు అసలు నా భయం. లారీకి ఎదురెళ్లి చెయ్యి చాచావంటే ఊరుకోను! డ్రైవర్ నిద్రలో ఉండొచ్చు, బ్రేకు పడకపోవచ్చు. నీ యూనిఫాం లారీని ఆపదు. బారికేడ్లు దూరం నుంచే పెట్టించు, రిఫ్లెక్టర్ జాకెట్ లేకుండా రాత్రి రోడ్డెక్కకు. చిన్నప్పటి నుంచీ నీది మొండితనమే, అదంటే నాకు ఎంతో ఇష్టం కూడా తల్లీ. బాత్రూం ఉండదని నీళ్లు తాగడం మాత్రం మానకు.

ఏ ఏరియా ఇచ్చారో తెలియగానే ఫోన్ చెయ్. పుత్తూరు రోడ్డు నీ కిందికొస్తే ఆదివారం వచ్చి, చీకటి మలుపులన్నీ దగ్గరుండి చూపిస్తా.

మీ మామ