హకల్‌బెరీ ఫిన్ జాతివివక్ష నవలేనా? పిల్లలతో చదివించవచ్చా?

మీ అబ్బాయికి పదకొండో తరగతిలో మార్క్ ట్వైన్ రాసిన హకల్‌బెరీ ఫిన్ నవల పెట్టారనీ, తెరిచి చూస్తే నల్లవాళ్ళను తిట్టే ఎన్-వర్డ్ ఎక్కడపడితే అక్కడ ఉందనీ, ఇలాంటిది పిల్లల చేత చదివించడం తప్పు కాదా అనీ అడిగారు. కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి విషయంలో నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. నా మాట అయితే, చదవనివ్వండి. కాకపోతే పుస్తకాన్ని వాడి చేతిలో పెట్టి ఊరుకోకండి, మీరూ పక్కన కూర్చుని చదవండి.

నాకు ఈ కథ నండూరి రామమోహనరావు గారి తెలుగు అనువాదంలో చిన్నప్పుడే తెలుసు. వేసవి సెలవుల్లో చదివాను. నాకు గుర్తున్నదల్లా తెప్ప, నది, రాత్రిపూట ప్రయాణం, దొంగ రాజు, దొంగ డ్యూకు. హక్ అనే తెల్లజాతి కుర్రాడితో కలిసి పారిపోయే జిమ్ బానిస అని తెలుసు గానీ, బానిస అంటే ఏమిటో నా మనసుకు తాకలేదు. మా అమ్మాయితో కలిసి ఇంగ్లీషులో మళ్ళీ చదివినప్పుడు ఇది నాకు తెలిసిన కథేనా అనిపించింది.

జిమ్ ఎందుకు పారిపోయాడో చూడండి. యజమానురాలు మిస్ వాట్సన్ తనను 800 డాలర్లకు న్యూ ఆర్లియన్స్ వైపు అమ్మేయాలనుకుంటోందని చెవిన పడింది. దక్షిణాదికి అమ్మేశారంటే భార్యాపిల్లలను ఇక చూడలేడు. అప్పటి మిస్సోరీ బానిసత్వం ఉన్న రాష్ట్రం. మిసిసిపీ నదికి అవతలి ఒడ్డున ఉన్న ఇల్లినాయ్‌లో బానిసత్వం లేకపోయినా, పారిపోయి వచ్చిన మనిషిని అక్కడా పట్టుకుని అప్పగించేవారు. అందుకే ఒహాయో నది వచ్చి కలిసే కైరో అనే ఊరి దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఒహాయో మీదుగా బానిసత్వం లేని రాష్ట్రాలకు పోవాలని హక్, జిమ్‌ల ఆలోచన. పొగమంచులో కైరో దాటిపోతారు. తప్పించుకోవాలన్న మనిషి రోజురోజుకీ ఇంకా లోతుగా బానిసల దేశంలోకి కొట్టుకుపోతాడు.

అసలు గొడవంతా హక్ మనస్సాక్షి దగ్గర ఉంది. స్వేచ్ఛ దొరికాక డబ్బు కూడబెట్టి భార్యను కొనుక్కుంటాననీ, పిల్లలను యజమాని అమ్మకపోతే ఎవరి చేతనైనా దొంగిలించి తెప్పించుకుంటాననీ జిమ్ అంటాడు. ఆ మాటకి హక్‌కి గుండె ఝల్లుమంటుంది. తనకు ఏ అపకారమూ చేయని ఒక పెద్దమనిషి ఆస్తిని వీడు దొంగిలిస్తానంటున్నాడే అని! జిమ్ పిల్లలు ఇంకొకరి ఆస్తి అన్నది ఆ పద్నాలుగేళ్ళ కుర్రాడికి సూర్యుడు తూర్పున ఉదయించడం లాంటి మామూలు నిజం. 31వ అధ్యాయంలో జిమ్‌ను పట్టించడానికి ఉత్తరం రాస్తాడు. రాయగానే పాపాలన్నీ కడుక్కుపోయినట్టు తేలికపడతాడు. తర్వాత తెప్ప మీద జిమ్ తనను ఎలా చూసుకున్నాడో, నిద్రపోనిచ్చి తన వంతు కాపలా కూడా ఎలా కాశాడో గుర్తొచ్చి, సరే, నరకానికే పోతాను అని ఉత్తరం చింపేస్తాడు.

చాలామంది ఇక్కడ హక్ మారిపోయాడు అంటారు. నేను ఒప్పుకోను. బానిసత్వం తప్పని అతను చివరిదాకా అనుకోడు. తాను చేసిందే పాపమని నమ్ముతాడు, నమ్మి కూడా చేస్తాడు. మంచి హృదయం, వంకర తిరిగిన మనస్సాక్షి ఢీకొంటే మనస్సాక్షి ఓడిపోయే కథ ఇది అని ట్వైన్ కూడా తర్వాత రాసుకున్నాడు. చర్చి, బడి, చట్టం, ఇంట్లో పెద్దవాళ్ళు కలిసి నేర్పిన మనస్సాక్షే అబద్ధం చెబుతుంటే ఒక పిల్లవాడు ఏం చేస్తాడు? ఈ ప్రశ్న కోసమే ఈ పుస్తకం చదవాలి.

తర్వాతి అధ్యాయంలో సాలీ అత్త ఉంటుంది, జిమ్‌ని పట్టి బంధించి ఉంచిన ఇంటి ఇల్లాలు, హక్ స్నేహితుడు టామ్ సాయర్‌కి బంధువు. స్టీమరు ప్రమాదం గురించి హక్ ఒక అబద్ధం అల్లుతాడు. ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని ఆవిడ అడిగితే, లేదు, ఒక నల్లవాడు చచ్చిపోయాడు అంటాడు. పోనీలే, ఒక్కోసారి మనుషులకు దెబ్బలు తగులుతాయి అంటుంది ఆవిడ. మా అమ్మాయి ఆ వాక్యం దాటి వెళ్ళిపోయింది. వెనక్కి పిలిచి మళ్ళీ చదవమన్నాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. సాలీ అత్త దుర్మార్గురాలు కాదు. దారినపోయే పిల్లవాడిని కూర్చోబెట్టి అన్నం పెట్టే తల్లి.

నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా ముందు పరుగెత్తేది. మా పాలేరుకి మాత్రం మంచినీళ్ళు ఎత్తి దోసిట్లో పోసేది. నాకు ఆరేళ్ళప్పుడు ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఇంట్లో గ్లాసుతో నీళ్ళిచ్చాను. నానమ్మ ఆ గ్లాసుని నిప్పుల్లో కాల్చి తీసింది, నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. అయినా నేను ఘోరమైన తప్పు చేశానని రాత్రంతా భయపడ్డాను. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ భయం నిజమైన భయమే. హక్ ఉత్తరం రాసిన పేజీ చదువుతుంటే అదే కడుపులో తిరిగింది. మన కులమూ అమెరికా బానిసత్వమూ ఒకటని నేను అనడం లేదు. అక్కడ మనిషిని సంతలో వేలం వేశారు, తల్లి ఒడిలోంచి బిడ్డను విడిగా అమ్మారు. కానీ తప్పుని తప్పు కాదని పిల్లల ఒంట్లోకి ఎలా ఎక్కిస్తారో నాకు ఆ గ్లాసు వల్ల తెలుసు.

ఇంకొకటి కూడా చెప్పాలి. పొగమంచు రాత్రి తర్వాత హక్ జిమ్‌ని అదంతా కలే అని నమ్మించి ఆటపట్టిస్తాడు. నువ్వు పోయావేమోనని నా గుండె పగిలింది, నువ్వేమో నన్ను వెర్రివాణ్ణి చేయాలని చూశావు అంటాడు జిమ్. ఒక బానిసకు క్షమాపణ చెప్పడానికి హక్‌కి పావుగంట పడుతుంది. కానీ చెబుతాడు. మా పాలేరు మా నాన్న కన్నా వయసులో పెద్ద. నేను ఆయన్ని "ఒరేయ్" అని పిలిచేదాన్ని. ఆయన పోయేదాకా ఒక్క మాట చెప్పలేదు.

ఇక పుస్తకంలోని లోపాలు. చివరి పది అధ్యాయాలు నాకు కోపం తెప్పిస్తాయి. మిస్ వాట్సన్ వీలునామాలో జిమ్‌కి స్వేచ్ఛ ఇచ్చి చనిపోయిందని టామ్ సాయర్‌కి ముందే తెలుసు. తెలిసి కూడా సాహసం సరదా కోసం, గదిలో బందీగా ఉన్న జిమ్‌కి ఆ సంగతి చెప్పకుండా, ఎలుకలతో, పాములతో ఆటలాడతాడు. అంత గొప్ప మనిషి అక్కడ ఆటబొమ్మ అయిపోతాడు. దక్షిణాదిలో బానిసత్వం పోయాక కూడా నల్లవాళ్ళకి దొరికిన స్వేచ్ఛ అలాంటిదే, అందుకే ట్వైన్ అలా రాశాడని కొందరు అంటారు. ఆ వాదనలో బలం ఉంది, కానీ చదివేటప్పుడు నొప్పి తగ్గదు.

1885లో మసాచుసెట్స్‌లోని కాన్‌కర్డ్ లైబ్రరీ ఈ పుస్తకాన్ని నిషేధించింది జాతి గురించి కాదు, భాష మొరటుగా ఉందని. నల్లజాతి తల్లిదండ్రుల అభ్యంతరం వేరు, అది న్యాయమైనది. ఎన్-వర్డ్ రెండు వందల సార్లకు పైగా వస్తుంది. 2011లో ఒక ప్రచురణకర్త దాని స్థానంలో "బానిస" అని పెట్టి అచ్చువేశారు. నాకు నచ్చలేదు, సాలీ అత్త నోట్లోంచి ఆ మాట తీసేస్తే ఆవిడ నిజంగానే మంచిదైపోతుంది. కానీ పుస్తకంలో ఉండటం వేరు, క్లాసులో గట్టిగా చదవడం వేరు. మా అమ్మాయి క్లాసులో టీచరు ఆ మాటను పైకే చదివారు. చదివినప్పుడల్లా తలలన్నీ క్లాసులో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి అబ్బాయి వైపు తిరిగేవట. వాడు తల వంచుకుని పెన్సిల్ చెక్కుతూ కూర్చునేవాడట. మా అమ్మాయి ఇంటికొచ్చి ఏడ్చింది. నేనూ మరో ఇద్దరు తల్లులూ టీచరుకి మర్యాదగా మెయిల్ రాశాం, పుస్తకం తీసేయమని కాదు, ఆ మాట పైకి పలకవద్దని. ఆవిడ ఒప్పుకున్నారు.

మీరూ మొదట అదే కనుక్కోండి, క్లాసులో ఎలా చదువుతున్నారో. 15, 16, 31, 32 అధ్యాయాలు ఇంట్లో మీ అబ్బాయితో కలిసి చదవండి. 23వ అధ్యాయంలో జిమ్ తన చెవిటి కూతురిని తెలియక కొట్టిన సంగతి చెప్పుకుని ఏడ్చే చోటు కూడా వదలకండి. తర్వాత ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథ ఇవ్వండి, బానిసగా పుట్టిన మనిషి సొంత గొంతు అది. ఇదే కథను జిమ్ వైపు నుంచి చెబుతూ పెర్సివల్ ఎవెరెట్ రాసిన జేమ్స్ నవల 2024లో వచ్చింది. అందులో కథ చెప్పేది జిమ్మే. మా అమ్మాయి దాన్ని రెండు రాత్రుల్లో పూర్తిచేసి నాకిచ్చింది.