ఊపిరితిత్తిలో గడ్డ పెరుగుతోంది... ముక్క తీయించాలా, ఆగాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. రెండేళ్ల క్రితం మడమ కింద నల్లమచ్చ పుండు పడితే విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్), మందం 3.2 మి.మీ. అన్నారు. ఈ ఏడాది సీటీలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో 6 మి.మీ. నాడ్యూల్ (చిన్న గడ్డ) కనిపించింది. నాలుగు నెలలకు 9 మి.మీ. అయింది. పెట్ స్కాన్‌లో కొద్దిగా వెలుగుతోందని రాశారు. ఆయన పదిహేనేళ్ల కిందట టీబీకి ఆర్నెల్లు మందులు వాడారు. గుండెకు స్టెంట్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వేసుకుంటారు. ఒక డాక్టర్ మూడు నెలలు ఆగి చూద్దామంటున్నారు, ఇంకొకరు సూదితో ముక్క తీయాలంటున్నారు, మరొకరు నేరుగా ఆపరేషనే మేలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: పెరుగుదల నిజమైతే మూడు నెలలు ఆగడం మంచిది కాదు. చిన్న నాడ్యూళ్లను ఎన్ని నెలలకోసారి చూడాలో చెప్పే ఫ్లైష్నర్ సొసైటీ (ఛాతీ స్కాన్ల నిపుణుల సంఘం) సూచనలు ఇదివరకు క్యాన్సర్ రానివాళ్ల కోసం రాసినవి. మీ నాన్నగారికి అవి వర్తించవు.

ముందు ఆ పెరుగుదల నిజమో కాదో తేల్చుకోండి. రెండు సీటీల సీడీలూ తీసుకెళ్లి ఒకే రేడియాలజిస్టు చేత పక్కపక్కన పెట్టించి కొలిపించండి. రిపోర్టు కాగితాలు చాలవు. ఒకటి 5 మి.మీ. మందం స్లైసులతో, రెండోది 1 మి.మీ. స్లైసులతో తీసి ఉంటే పెరగని గడ్డ కూడా పెరిగినట్టు కనపడొచ్చు. కొలతలో 2 మి.మీ. దాకా తేడా మామూలే. రెండూ పల్చటి స్లైసులే అయితే మాత్రం 6 నుంచి 9కి పోవడం చిన్న విషయం కాదు. వ్యాసం ఒకటిన్నర రెట్లయితే ఘనపరిమాణం దాదాపు 3.4 రెట్లవుతుంది. అంటే సుమారు 70 రోజులకోసారి రెట్టింపవుతోందన్నమాట. ఈ లెక్కన ఇంకో మూడు నెలలకు 12 మి.మీ. అవుతుంది. కొలతల్లో అనుమానం తేలకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అదే మిషన్ మీద పల్చటి స్లైసులతో మళ్లీ తీయించండి, అంతకుమించి ఆగకండి.

ఇంత వేగం చూసి అందరూ మెలనోమానే అనుకుంటారు. అది ఊపిరితిత్తులకు పాకడం తరచూ జరిగేదే కాబట్టి ఆ భయం న్యాయమైనదే. కానీ పాత టీబీ తిరగబెట్టినా ఇలాగే ఉంటుంది. చుట్ట, బీడీ అలవాటుంటే ఊపిరితిత్తిలోనే పుట్టిన వేరే క్యాన్సరూ కావచ్చు. మూడింటికీ మూడు దారుల వైద్యం. టీబీని పోల్చుకోకుండా మెలనోమాకిచ్చే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) మొదలుపెడితే ఆ టీబీ రెచ్చిపోయిన సందర్భాలున్నాయి. 'కొద్దిగా వెలుగుతోంది' అన్న మాటతో ఏదీ తేలదు: టీబీ గడ్డా వెలుగుతుంది, ఇంత చిన్న క్యాన్సర్ గడ్డ ఒక్కోసారి వెలగదు. పైగా కింది భాగం ఊపిరికి కదులుతూ ఉంటుంది కనుక అక్కడి వెలుగు అసలు కన్నా తక్కువగా నమోదవుతుంది.

ఊపిరితిత్తి జోలికి వెళ్లే ముందు మిగతా ఒళ్లంతా చూడాలి. పెట్ స్కాన్‌లో మెదడు సరిగా తెలియదు, కాంట్రాస్ట్ ఇచ్చి ఎంఆర్ఐ తీయించాలి. గజ్జల్లో గ్రంథి వాచినా, కాలి చర్మం కింద కొత్త బుడిపె తగిలినా ముక్క అక్కడే తీయించుకోవచ్చు. ఛాతీలో సూది గుచ్చే అవసరం తప్పిపోవచ్చు.

ఇంకెక్కడా ఏమీ లేక ఇదొక్కటే అయితే, దారిని ఎంచేది గడ్డ ఉన్న చోటు. ఊపిరితిత్తి అంచుకు దగ్గరగా ఉండి, ఊపిరి పరీక్ష, గుండె పరీక్ష బాగుంటే చిన్న రంధ్రాల ఆపరేషన్‌తో గడ్డ ఉన్న తునకను మొత్తంగా తీయడం మేలని మా అభిప్రాయం. 9 మి.మీ. గడ్డలో సూది గురి తప్పే అవకాశం ఎక్కువ. ఆపరేషన్‌లో రోగనిర్ధారణ, వైద్యం రెండూ ఒకేసారి అయిపోతాయి. గడ్డ లోతుగా ఉండి, తీయాలంటే పెద్ద భాగమే కోయాల్సి వస్తే మాత్రం ముందు సూదే. ఒక మాట: ఆపరేషన్ తేదీ ఖాయం చేసేలోపు మందులిచ్చే మెడికల్ ఆంకాలజిస్టు కూడా చూడాలి. స్కాన్‌లో కనిపించే ఒకే గడ్డను తీసేశాక, తర్వాత ఇచ్చే మందు పనిచేస్తోందో లేదో కొలవడానికి ఏమీ మిగలదు. మరోపక్క ఆ మందుల ఖర్చు లక్షల్లో ఉంటుంది, ఆ మాట డాక్టర్ ముందు మొహమాటపడకుండా ఎత్తండి. వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి కూర్చుని నిర్ణయించే ట్యూమర్ బోర్డు ఉన్న చోటికి వెళ్లడం మంచిది. మీకు అందుబాటులో విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, కటక్‌లోని ఆచార్య హరిహర క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఒడిశా ఆరోగ్య కార్డు ఏ ఆసుపత్రిలో దేనికి చెల్లుతుందో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

సూది పరీక్షే అనుకుంటే, క్లోపిడోగ్రెల్‌ను మామూలుగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపుతారు. మీ అంతట మీరు ఆపొద్దు. స్టెంట్ వేసి ఎన్నాళ్లయిందో చూసి గుండె డాక్టర్ రాసివ్వాలి. ప్లేట్‌లెట్లు 50,000 పైన, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష) 1.5 లోపు ఉండాలి. సీటీ చూస్తూ సూది దింపుతారు. సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరుతుంది. చాలామందికి అదే తగ్గిపోతుంది, కొద్దిమందికే గొట్టం వేయాల్సి వస్తుంది. కఫంలో కాస్త రక్తం చార కనిపించినా కంగారు పడక్కర్లేదు. పరీక్ష తర్వాత ఎక్స్‌రే బాగున్నా కొన్ని గంటలకు, ఒక్కోసారి మర్నాడు గాలి చేరవచ్చు. అందుకే ఆ సాయంత్రమే రాయగడ రైలెక్కకండి. పార్వతీపురం దాటాక ఆయాసం వస్తే రైల్లో చేసేదేమీ ఉండదు. ఒకటి రెండు రాత్రులు ఆసుపత్రి దగ్గరే ఉండండి.

తీసిన ముక్క ఏ సీసాలోకి పోతోందో అడగండి. అంతా ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే రసాయనం) వేసేస్తే టీబీ కల్చర్, అంటే క్రిములను పెంచి చూసే పరీక్ష, చేయడానికి వీలుండదు. ఒక ముక్క సెలైన్‌లో టీబీ జీన్ పరీక్షకు, కల్చర్‌కు వెళ్లాలి, మిగతావి ఫార్మలిన్‌లో. మెలనోమా అని తేలితే అదే ముక్క మీద బీఆర్ఏఎఫ్, కిట్ జన్యు పరీక్షలు అడగండి. అరికాలి మెలనోమాలో బీఆర్ఏఎఫ్ మార్పు తక్కువమందికే ఉంటుంది, కానీ ఉంటే మాత్రలతో వైద్యం చేసే దారి తెరుచుకుంటుంది.

ప్రశ్న: మా అక్కకూ మెలనోమా తర్వాత ఊపిరితిత్తిలో గడ్డే. సూది పరీక్షలో 'వాపు కణాలు మాత్రమే, క్యాన్సర్ లేదు' అని వచ్చింది. ఇక నిశ్చింతగా ఉండొచ్చా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఇంకా ఉండకూడదమ్మా. టీబీ క్రిములు దొరికాయనో, హమార్టోమా (క్యాన్సర్ కాని గడ్డ) అనో ఫలానా జబ్బు పేరు రాస్తే అది జవాబు. ఉత్త వాపు కణాలంటే సూది గడ్డ పక్కన గుచ్చుకుని ఉండవచ్చు. సూది మొన గడ్డలోనే ఉన్నట్టు చూపే సీటీ బొమ్మ ఉందేమో అడగండి. గడ్డ పెరుగుతూనే ఉంటే ఆ రిపోర్టును పక్కనపెట్టి మళ్లీ ముక్క తీయించాలి, లేదా ఆపరేషన్‌కు వెళ్లాలి.

ప్రశ్న: సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందంటారు, నిజమేనా? మా అమ్మ అరికాల్లో నల్లమచ్చ పెరుగుతోంది, అందుకే భయపడి ఆగాం.
– ఒక పాఠకుడు, సిరోంచ

జవాబు: ఊపిరితిత్తి పరీక్షలో సూది దారి వెంట కణాలు అంటుకోవడం బహు అరుదు. చర్మం మచ్చ విషయంలోనూ ముక్క పరీక్ష వల్ల జబ్బు ముదరదు. ముదిరేది ఆలస్యం వల్ల. ఆనెకాయ అనుకుని ఆనెల పట్టీ వేయడం, కాల్పించడం, బ్లేడుతో చెక్కడం అసలు చేయకండి. వీలైతే మచ్చ మొత్తాన్ని 1 నుంచి 3 మి.మీ. అంచుతో తీయించండి, మరీ పెద్దదైతే దళసరిగా ఉన్న చోట ముక్క తీస్తారు. చెక్కి పారేస్తే మెలనోమా ఎంత లోతుకు దిగిందో కొలవలేం, తర్వాతి వైద్యమంతా ఆ కొలత మీదే నడుస్తుంది. ల్యాబ్ ఇచ్చే, తీసిన ముక్కను పొదిగిన మైనం దిమ్మెలు, స్లైడ్లు ఇంట్లో ఎండ తగలని చోట దాచండి. తర్వాత జన్యు పరీక్షలు కావాలన్నా అవే పనికొస్తాయి.