పాఠకుల ప్రశ్నలు: కోటలు, గడులు, గోథిక్ నవలలు

ప్రశ్న: మా డిగ్రీ ఇంగ్లీషు సిలబస్‌లో గోథిక్ నవల గురించిన పాఠం ఉంది. మన దయ్యాల కథలకూ దానికీ తేడా ఏమిటి? (నల్లగొండ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: దయ్యం కనిపించినంత మాత్రాన కథ గోథిక్ అయిపోదు, దయ్యం లేకున్నా గోథిక్ కావచ్చు. ఈ ధోరణికి తొలి నవలగా చెప్పే ‘ద కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’ను హొరేస్ వాల్‌పోల్ 1764 చివర్లో ప్రచురించారు. కోట యజమాని మాన్‌ఫ్రెడ్ కొడుక్కి పెళ్లి జరగవలసిన రోజున, నల్లని ఈకల కుచ్చుతో ఉన్న ఒక బ్రహ్మాండమైన శిరస్త్రాణం ఎక్కడి నుంచో వచ్చి ముంగిట్లో పడుతుంది, పెళ్లికొడుకు దాని కింద నలిగి చనిపోతాడు. అది చర్చిలో ఉన్న పూర్వపు ప్రభువు అల్ఫాన్సో విగ్రహం తల మీది శిరస్త్రాణాన్నే పోలి ఉంటుంది. మాన్‌ఫ్రెడ్ తాత ఆ ప్రభువుకు విషం పెట్టి, దొంగ వీలునామా సృష్టించి కోటను సొంతం చేసుకున్నాడని మనకు చివర్లో తెలుస్తుంది. అంటే అక్కడి అద్భుతాలన్నీ ఒక ఆస్తి తగాదాలో వాదిపక్షాన నిలబడి మాట్లాడుతున్నాయన్నమాట.

ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో రాసిన ‘ద మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’లో వింతలన్నింటికీ చివరికి మామూలు కారణాలే బయటపడతాయి. అయినా భయం పోదు, ఎందుకంటే ఎమిలీ అనే అనాథ యువతిని కోటలో నిర్బంధించి, ఆమె ఆస్తిని రాయించుకోవాలని చూసే మోంటోనీ మాత్రం నిజమైనవాడే. పాత అన్యాయమో, దాచిన పత్రమో, తాళం వేసిన గదో, బయటికి పోలేని స్త్రీయో ఉన్నచోట గోథిక్‌కు పునాది పడినట్లేనని నా అభిప్రాయం. పాడుబడిన ఇల్లు భయం పుట్టిస్తుందన్న సంగతి మనకు కొత్తది కాదు. వికృతమైన అరుపులతో, భూతదర్శనంతో, అరణ్యాలతో పాటు శూన్యగృహ ప్రవేశాన్ని కూడా భరతుడు నాట్యశాస్త్రంలో భయానక రసానికి విభావంగా, అంటే ఆ రసం పుట్టడానికి కారణంగా చెప్పాడు. ఆ ఇల్లు ఎవరిది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది అని పట్టుబట్టి అడగడమే ఈ నవలలు చేసిన కొత్త పని.

ప్రశ్న: మెదక్ చర్చి గోథిక్ శైలిలో కట్టినదంటారు. దానికీ ఈ నవలలకూ ఏమైనా సంబంధం ఉందా? (మహబూబ్‌నగర్ నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: ఉంది. ఇంగ్లండ్‌లో ఎనిమిదవ హెన్రీ 1536, 1540 మధ్య మఠాలను రద్దు చేయించిన తర్వాత, ఎన్నో మఠాలు కప్పులు ఊడి, కోసుగా లేచిన గోథిక్ శైలి కమానులు మాత్రం మిగిలిన శిథిలాలుగా శతాబ్దాల పాటు జనం కళ్ల ముందే నిలిచాయి. ప్రొటెస్టెంట్లయిన ఆ జనానికి తమ క్యాథలిక్ గతం పట్ల అనుమానమూ, ఆకర్షణా రెండూ ఉండేవి. తొలి గోథిక్ నవలలు ఇటలీ, స్పెయిన్ దేశాల్లో, సన్యాసుల మధ్య, నేలమాళిగల్లో జరగడానికి ఇది ఒక ముఖ్యకారణం. వాల్‌పోల్ అయితే లండన్ దగ్గరి తన స్ట్రాబెరీ హిల్ భవనాన్నే మధ్యయుగపు తీరులో మార్పించుకున్నారు. పందొమ్మిదవ శతాబ్దానికి అదే శైలి పూజనీయమైపోయి మిషనరీల వెంట మన దాకా వచ్చింది. చార్ల్స్ వాకర్ పాస్నెట్ పూనికతో నిర్మించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. నవలల్లో భయానికి నెలవైన కమానులే అక్కడ ప్రార్థనకు నీడనిస్తున్నాయి.

ప్రశ్న: ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పుట్టుకకు ఒక అగ్నిపర్వతం కారణమట, నిజమేనా? (మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కొంతవరకు నిజమే. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని తంబోరా పర్వతం బద్దలైంది. ఆ ప్రభావంతో మరుసటి ఏడాది యూరప్‌లో వేసవి చలితో, వానలతోనే గడిచింది. జెనీవా సరస్సు ఒడ్డున ఇల్లు కదలలేకపోయిన ఇంగ్లీషు కవులు బైరన్, షెల్లీ, షెల్లీ సహచరి మేరీ, బైరన్ వైద్యుడు పాలిడోరీ తలా ఒక భయానక కథ రాయాలనుకున్నారు. మేరీ షెల్లీ కథే 1818లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలగా వెలువడింది. 1819లో వెలువడిన పాలిడోరీ కథ ‘ద వాంపైర్’ తర్వాత వచ్చిన రక్తపిశాచి కథలకు దారి వేసింది. అయితే వాన ఇంట్లో కూర్చోబెట్టిందే తప్ప, తాను పుట్టించిన ప్రాణిని తానే వదిలేసిన మనిషి కథను ఊహించింది మేరీయే.

ప్రశ్న: మన దొరల గడులను, అంటే వాళ్ల కోటల్లాంటి భవనాలను, నేపథ్యంగా తీసుకొని గోథిక్ నవల రాయవచ్చా? (వనపర్తి నుంచి ఒక యువ రచయిత)

జవాబు: తప్పకుండా రాయండి. బలవంతంగా భూమి చేతులు మారినచోట ఈ సాహిత్యం బాగా వేళ్లూనింది. ‘డ్రాక్యులా’ రాసిన బ్రామ్ స్టోకర్ పుట్టింది ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో. అక్కడి రైతుకూ భూస్వామికీ మధ్య తగవు తరాలనాటిది. అమెరికా దక్షిణ రాష్ట్రాల గోథిక్ కథల వెనుక బానిసత్వం ఉంది. మన దగ్గర వెట్టి ఉంది. దొరబిడ్డ పెళ్లి చేసుకొని పోతుంటే ఆమె వెంట ఆడబాపగా, అంటే బానిస సేవకురాలిగా, పంపిన పిల్ల పరిస్థితి కన్నా భయంకరమైన నిర్బంధాన్ని ఏ ఇటలీ కోటలో చూపించగలరు? 1946 జూలై 4న కడవెండిలో, దొరల పెత్తనానికి ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన నాటి సంగతులు విన్నవారి కుటుంబాలు ఈ నేల మీదే ఉన్నాయి.

ఒక్క విన్నపం. పొగమంచు, కొవ్వొత్తులు, గబ్బిలాలు అరువు తెచ్చుకోకండి. దేవరకొండ, రాచకొండ కోటల బండరాళ్ల మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో మనిషి జాడ లేకపోవడం కూడా భయపెట్టగలదు. గడి అందాన్ని, అంటే చెక్కిన దర్వాజనూ నగిషీ స్తంభాలనూ, వర్ణిస్తూ కూర్చుంటే వాటిని మోసినవాళ్లు కథలో నుంచి జారిపోతారు. ముందు ఊళ్లోని పెద్దమనుషులను, ముఖ్యంగా గడిలో పనిచేసిన కుటుంబాల ఆడవాళ్లను కలిసి, వాళ్లు చెప్పింది చెప్పినట్లు రాసుకోండి. పాత పహాణీలు, అంటే ఊరి భూమి రికార్డులు, దొరికితే చూడండి. ఏ ఏడాది ఏ సర్వే నంబరు కింద ఎవరి పేరు మాయమైందో గమనిస్తే, మీ నవలకు కావలసిన దయ్యం అక్కడే దొరుకుతుంది.